డేటా అంతా తిరిగొచ్చింది, సెర్చ్ మాత్రం ఎందుకు రాలేదు?

శనివారం రాత్రి సర్వర్ మార్చారు. ఆదివారం పొద్దున లెక్క చూసుకున్నారు. పాత సర్వర్‌లో ఎన్ని వరుసలు ఉన్నాయో కొత్తదానిలోనూ అన్నే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నారు. సోమవారం పదింటికి మొదటి ఫోన్ వచ్చింది: "సార్, 'ధర' అని కొడితే ఏమీ రావట్లేదు. శుక్రవారం దాకా వచ్చేది." రికార్డు నంబరు కొట్టి చూస్తే ఆ రికార్డు ఉంది. తెరిస్తే అందులో 'ధర' అన్న మాట కూడా ఉంది. సెర్చ్ బాక్సుకు మాత్రం కనిపించడం లేదు.

ఇలాంటి సోమవారాలు ఇప్పుడు ఎక్కువగా ఎదురవడానికి కారణం క్యాలెండర్‌లోనే ఉంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 13 వెర్షన్‌కు మద్దతు గడువు 2025 నవంబరులో తీరిపోయింది. అలాంటిదే ఇంకొకటి, మైఎస్‌క్యూఎల్ 8.0కి గడువు 2026 ఏప్రిల్. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016కి పొడిగించిన మద్దతు గడువు 2026 జూలై. ఏళ్ళ తరబడి కదలని డేటాబేస్‌లన్నీ ఒకేసారి కదలాల్సి వస్తోంది. కదిలేటప్పుడు చిక్కు తెచ్చేది ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్, అంటే మాట కొట్టి వెతకడానికి డేటాబేస్ కట్టుకునే సూచిక.

దీన్ని బ్యాకప్ తీసుకోవాలా అని డేటాబేస్‌లు చూసుకునే ఇద్దరు డీబీఏలను అడిగితే రెండు జవాబులు వస్తాయి. "ఇండెక్స్‌కి బ్యాకప్ ఎందుకండీ, డేటా ఉంటే మళ్ళీ కట్టుకోవచ్చు" అంటారు ఒకరు. "అది లేకుండా బ్యాకప్ ఏంటి, సగం రోజు సెర్చ్ ఆగిపోతే ఎవరు జవాబు చెబుతారు" అంటారు ఇంకొకరు. ఇద్దరూ సరిగ్గానే మాట్లాడుతున్నారు. అయితే ఈ వాదనలో ఇండెక్స్ గురించే మాట్లాడుకుంటాం గానీ, అది దేని ఆధారంగా తయారైందో ఎవరూ ఎత్తరు. చాలాసార్లు పోయేది అదే.

## పుస్తకం చివరి పదసూచిక

కొన్ని పుస్తకాల చివర పదసూచిక ఉంటుంది. పక్కన పేజీ నంబర్లతో, అక్షర క్రమంలో మాటలు. ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ కూడా అచ్చం అలాంటిదే. రైతులు పంపిన చీటీలు నాలుగు ఉన్నాయనుకుందాం:

1వ చీటీ: వరి ధర పెరిగింది
2వ చీటీ: మక్కలు కొనడం లేదు
3వ చీటీ: మొక్కజొన్న ధర ఎంత
4వ చీటీ: పత్తికి తెగులు

వీటికి డేటాబేస్ కట్టుకునే సూచిక ఇలా ఉంటుంది: 'వరి' 1లో, 'ధర' 1, 3లో, 'మక్కలు' 2లో, 'మొక్కజొన్న' 3లో, 'పత్తికి' 4లో. ఎవరైనా 'ధర' అని వెతికితే చీటీలన్నీ చదవకుండా నేరుగా 1, 3 తీసి చూపిస్తుంది. నాలుగు చీటీలకు ఇది అనవసరం. నాలుగు కోట్ల చీటీలకు ఇది లేకపోతే పని జరగదు.

మామూలు ఇండెక్స్‌కీ దీనికీ తేడా ఒకటుంది. ఆధార్ నంబరు మీదో తేదీ మీదో కట్టే ఇండెక్స్‌లో కాలమ్‌లో ఉన్న విలువే ఉన్నదున్నట్టు వెళ్ళి కూర్చుంటుంది. ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌లోకి వెళ్ళే ముందు వాక్యం చాలా చేతులు మారుతుంది. మొదట దాన్ని మాటలుగా విడగొట్టాలి. ఆ పని చేసేదాన్ని ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వర్డ్ బ్రేకర్ అంటారు, మిగతాచోట్ల పార్సర్ అనో టోకెనైజర్ అనో అంటారు. తర్వాత 'ఎంత', 'లేదు' లాంటి ప్రతిచోటా కనిపించే మాటలు వదిలేయాలా అన్నది చూడాలి. వదిలేసే మాటల జాబితా పేరు స్టాప్‌వర్డ్స్. మరీ పొట్టి మాటలను పారేయాలా? 'ధరలు', 'ధరకు', 'ధరలో' అన్నిటినీ 'ధర' కిందికి తేవాలా? 'మక్కలు' అన్నా 'మొక్కజొన్న' అన్నా ఒకటేనని చెప్పాలా? ఇవన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తీసుకున్న నిర్ణయాలు. ఇవి డేటాలో ఉండవు, ఎక్కడో ఒక సెట్టింగ్‌లోనో ఫైల్‌లోనో ఉంటాయి.

"డేటా ఉంటే ఇండెక్స్ మళ్ళీ కట్టుకోవచ్చు" అన్న మాట నిజమే. కట్టుకోవచ్చు. అదే ఇండెక్స్ వస్తుందా అన్నది వేరే ప్రశ్న.

## బ్యాకప్‌లో అసలు ఏం వెళుతుంది?

బ్యాకప్‌లు రెండు రకాలు. లాజికల్ బ్యాకప్ అంటే డేటాబేస్‌ను మాటల్లో రాసుకోవడం. ఈ పేరుతో టేబుల్ పెట్టు, ఈ వరుసలు చేర్చు, ఈ కాలమ్ మీద ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ కట్టు, ఇలా ఆదేశాలు. మైఎస్‌క్యూఎల్‌లో మైఎస్‌క్యూఎల్‌డంప్, పోస్ట్‌గ్రెస్‌లో పీజీడంప్ ఈ పనే చేస్తాయి. వీటిలో ఇండెక్స్ ఒక్క లైను మాత్రమే. ఇండెక్స్ 120 జీబీ ఉన్నా సరే, డంప్‌లో 'ఇక్కడ ఇండెక్స్ కట్టు' అన్న వాక్యమే ఉంటుంది.

ఫిజికల్ బ్యాకప్‌లో డిస్క్ మీద ఏముంటే దాన్ని అలాగే ఎత్తుకొస్తారు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ బేస్‌బ్యాకప్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు ఫుల్ బ్యాకప్, డిస్క్ స్నాప్‌షాట్‌లు ఈ కోవలోవి. ఇండెక్స్ కూడా కట్టిన స్థితిలోనే వస్తుంది.

అంటే చాలాచోట్ల "ఇండెక్స్‌ను బ్యాకప్ తీసుకోవాలా" అన్న ప్రశ్న విడిగా ఉండదు. బ్యాకప్ ఏ రకమో ఎంచుకున్నప్పుడే దీనికీ జవాబు చెప్పేసినట్టు. పోస్ట్‌గ్రెస్ ఫిజికల్ బ్యాకప్‌లో "ఈ ఒక్క ఇండెక్స్ వదిలెయ్" అనే వీలు లేదు. లాజికల్‌లో "ఇండెక్స్ కూడా పట్టుకురా" అనే వీలు లేదు.

రీస్టోర్ వేగంలోనూ తేడా ఉంది. పీజీడంప్ ముందు డేటా అంతా పోసి, ఇండెక్స్‌లు కట్టే ఆదేశాలను చివర్లో పెడుతుంది. మైఎస్‌క్యూఎల్‌డంప్ టేబుల్ పెట్టే ఆదేశంలోనే ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌ను రాసేస్తుంది. దాంతో వరుసలు పోస్తున్నంతసేపూ ఇండెక్స్ పని కూడా నడుస్తూనే ఉంటుంది. పెద్ద డేటా అయితే ఇండెక్స్ లేని టేబుల్‌లో పోసి, తర్వాత ఇండెక్స్ కట్టుకోవడం చాలా వేగమని మైఎస్‌క్యూఎల్ డాక్యుమెంటేషనే చెబుతుంది. రాత్రి పదకొండుకు మొదలుపెట్టిన రీస్టోర్ తెల్లారినా ముగియకపోతే ముందు అనుమానించాల్సిన చోటు ఇది.

మైఎస్‌క్యూఎల్‌లో ఇంకో మెలిక. ఒక్క టేబుల్ ఫైల్‌నే తీసి ఇంకో సర్వర్‌లో పెట్టే పద్ధతి ఉంది కదా, ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ ఉన్న టేబుల్‌కి అది పూర్తిగా కుదరదు. ఎందుకంటే మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే ఇన్నోడీబీ ఇంజిన్‌లో ఆ ఇండెక్స్ టేబుల్ ఫైల్‌లో ఉండదు. తెర వెనక ఉండే సహాయక టేబుళ్ళలో పరుచుకుని ఉంటుంది. ఎగుమతికి ముందు ఇండెక్స్ తీసేసి తర్వాత కట్టుకోవాలి, లేదా దిగుమతి అయ్యాక మళ్ళీ నిర్మించుకోవాలి.

## 'ధర' ఎక్కడికి పోయింది?

సోమవారం ఫోన్ సంగతికి వద్దాం. ఆ ఆఫీసులో ఉన్నది మైఎస్‌క్యూఎల్. ఇన్నోడీబీలో ఇండెక్స్‌లోకి వెళ్ళే మాటకు కనీస పొడవు అని ఒక సెట్టింగ్ ఉంది. ఎవరూ మార్చకపోతే అది 3. పాత మైఐసామ్ ఇంజిన్‌లో 4. అంతకంటే పొట్టి మాటలను ఇండెక్స్ పట్టించుకోదు. ఇంగ్లీషుకు ఇది బాగానే ఉంటుంది. 'ధర'లో ఉన్నవి ధ, ర, రెండే అక్షరాలు. 'గది', 'నది'లకు గుడి కలిసి డేటాబేస్ లెక్కలో మూడు అవుతాయి. 'ధర', 'కల' లాంటివి రెండు దగ్గరే ఆగిపోతాయి.

పాత సర్వర్ పెట్టినతను ఈ సంగతి కనిపెట్టి ఎప్పుడో ఆ విలువను 2 చేశాడు. చేసింది సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో. అది డేటాబేస్ బయట ఉంటుంది కాబట్టి డంప్‌లోకి రాదు. కొత్త సర్వర్‌లో విలువ 3. డంప్ పోసినప్పుడు ఇండెక్స్ చక్కగా కట్టుకుంది, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు, ఒక్క వరుస కూడా తగ్గలేదు. రెండక్షరాల మాటలు మాత్రం లోపలికి పోలేదు.

డంప్ బదులు ఫిజికల్ బ్యాకప్ తెచ్చి ఉంటే? ఇండెక్స్‌లో 'ధర' ఉండేది. అయినా దొరికేది కాదు. వెతికే మాట మీద కూడా అదే సెట్టింగ్ పనిచేస్తుంది. ఇండెక్స్‌లో మాట ఉన్నా, మనం కొట్టిన 'ధర' పొట్టిదని సర్వర్ ముందే పక్కన పెట్టేస్తుంది.

## మక్కలు, మొక్కజొన్న: ఒకే తప్పు రెండు రకాలుగా

నేను కొన్నాళ్ళు పనిచేసిన ఒక చోట రైతుల ప్రశ్నల ఆర్కైవ్ ఉండేది. తెలంగాణ వైపు నుంచి వచ్చినవాటిలో 'మక్కలు', కోస్తా నుంచి వచ్చినవాటిలో 'మొక్కజొన్న'. రెండూ కలిసి దొరకాలని పోస్ట్‌గ్రెస్‌లో పర్యాయపదాల ఫైల్ ఒకటి పెట్టాం. అందులో ఒక లైను: 'మక్కలు' కనిపిస్తే 'మొక్కజొన్న'గా తీసుకో. ఇలాంటి లైన్లు నెలకొకటి చొప్పున ఎవరికి తోచినప్పుడు వాళ్ళు నేరుగా సర్వర్‌లోకి వెళ్ళి చేర్చేవాళ్ళు. అందులో నేనూ ఉన్నాను.

తెలుగులో సెర్చ్ పెట్టేవాళ్ళకు ఈ చేత్తో రాసుకునే ఫైళ్ళు తప్పవు. పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే పద మూలాలు పట్టే పనిముట్ల జాబితాలో తమిళం 2019లో (12వ వెర్షన్), హిందీ 2021లో (14వ వెర్షన్) చేరాయి. తెలుగు ఇంకా లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెలుగు వర్డ్ బ్రేకర్ ఉంది, ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్ కింద పనిచేసే లూసీన్‌లో తెలుగు ఎనలైజర్ ఉంది. పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్ళు మాత్రం 'సింపుల్' అనే సాదా అమరిక మీద సొంత జాబితాలు పేర్చుకుంటారు.

ఆ ఫైల్ ఉండేది పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లో, టీసెర్చ్ డేటా అనే చోట. డేటా ఉండే ఫోల్డర్ వేరు. అందుకే పీజీడంప్‌లోకీ రాదు, బేస్‌బ్యాకప్‌లోకీ రాదు. డంప్‌లో "ఫలానా పేరున్న ఫైల్‌తో పర్యాయపదాల నిఘంటువు తయారుచెయ్" అన్న ఆదేశం ఉంటుంది, ఫైల్‌లోని లైన్లు ఉండవు.

కొత్త సర్వర్‌లో ఆ ఫైల్ అసలే లేకపోతే ఎర్రర్ వస్తుంది, మన అదృష్టం. మా దగ్గర జరిగింది వేరు. ఏడాది కిందటి పాత కాపీ అదే పేరుతో కొత్త మెషీన్‌లో ఉంది. ఎర్రర్ రాలేదు. ఆ కాపీలో మక్కల లైను లేదు.

ఇప్పుడు 2, 3 చీటీలతో చూద్దాం. అసలు సర్వర్‌లో రెండు చీటీలూ ఇండెక్స్‌లో 'మొక్కజొన్న' కిందే ఉన్నాయి, ఎందుకంటే 2వ చీటీలోని 'మక్కలు' లోపలికి వెళ్ళేటప్పుడే మారిపోయింది. ఏ మాట కొట్టినా రెండూ వచ్చేవి.

డంప్ నుంచి రీస్టోర్ చేస్తే పాత ఫైల్‌తో ఇండెక్స్ కొత్తగా తయారవుతుంది. 'మక్కలు' కొడితే 2వ చీటీ ఒక్కటే, 'మొక్కజొన్న' కొడితే 3వది ఒక్కటే వస్తుంది. సగం సగం.

ఫిజికల్ బ్యాకప్ నుంచి రీస్టోర్ చేస్తే ఇండెక్స్ పాతదే, అందులో 'మక్కలు' అన్న మాటే లేదు. కొట్టినవాడి మాటను మార్చే లైను కూడా ఫైల్‌లో లేదు. 'మక్కలు' కొడితే సున్నా. 'మొక్కజొన్న' కొడితే మాత్రం రెండూ వస్తాయి. చీటీలో 'మక్కలు' అని కళ్ళెదుట కనిపిస్తున్నా, ఆ మాటతో అది దొరకదు.

పోయింది ఒక్క లైను. బ్యాకప్ రకాన్ని బట్టి లక్షణాలు మారిపోయాయి. రెండోది మరీ ఘోరం, ఎందుకంటే ఇంగ్లీషు కీబోర్డు మీద పుస్తక భాషలో పరీక్షించే టెస్టర్‌కు అంతా బాగానే కనిపిస్తుంది. వరంగల్ రైతుకు మాత్రం ఏమీ దొరకదు.

పోస్ట్‌గ్రెస్ ఈ ప్రమాదాన్ని ఒకచోట ముందే అడ్డుకుంటుంది. ఏ భాషా అమరికతో మాటలు విడగొట్టాలో పేరు పెట్టి చెప్పకుండా, "సర్వర్‌లో ఏది డిఫాల్ట్ అయితే అది" అంటూ ఇండెక్స్ కడతానంటే ఒప్పుకోదు. అలాంటి ఇండెక్స్‌ను సరిగ్గా డంప్ చేసి రీస్టోర్ చేయడం అసాధ్యమని డాక్యుమెంటేషన్‌లో కారణం కూడా రాశారు. అమరిక పేరు వరకు కాపలా ఉంది. ఆ పేరు వెనకున్న ఫైల్‌కు లేదు.

## ఎస్‌క్యూఎల్ సర్వర్: మూడు కాలాల సలహాలు

నెట్‌లో ఈ విషయం వెతికితే ఎస్‌క్యూఎల్ సర్వర్ గురించి ఒకదానికొకటి పొసగని మాటలు కనిపిస్తాయి. "కేటలాగ్ విడిగా బ్యాకప్ తీయాలి" అని ఒకరు, "అక్కర్లేదు" అని ఇంకొకరు. రెండూ తమ తమ కాలానికి సరైనవే.

2000 వెర్షన్‌లో ఫుల్‌టెక్స్ట్ కేటలాగ్ అంటే డేటాబేస్ బయట డిస్క్ మీద ఉండే ఫైళ్ళు. డేటాబేస్ బ్యాకప్ వాటిని ముట్టుకునేది కాదు. 2005లో అవి బయటే ఉన్నా, బ్యాకప్ తీస్తే వాటిని కూడా కలుపుకునే ఏర్పాటు వచ్చింది. 2008 నుంచి ఇండెక్స్ పూర్తిగా డేటాబేస్ లోపలికి వచ్చేసింది. కేటలాగ్ అన్నది కొన్ని ఇండెక్స్‌లను కలిపి పిలిచే పేరుగా మిగిలింది. స్టాప్‌వర్డ్స్ జాబితా కూడా ఫైల్ నుంచి డేటాబేస్‌లోకి మారింది. అంటే ఈరోజు ఫుల్ బ్యాకప్ తీస్తే ఇండెక్స్ వస్తుంది, స్టాప్‌వర్డ్స్ వస్తాయి.

రానివి రెండు. పర్యాయపదాల ఫైళ్ళు ఇప్పటికీ సర్వర్ ఫోల్డర్‌లో ఎక్స్‌ఎంఎల్ రూపంలోనే ఉంటాయి. రెండోది ఐఫిల్టర్లు. పీడీఎఫ్‌లను కాలమ్‌లో దాచి వాటిలోని మాటలను కూడా వెతకాలంటే, పీడీఎఫ్ తెరిచి చదివే చిన్న ప్రోగ్రామ్ ఆ సర్వర్‌లో ఉండాలి. అది లేని సర్వర్‌లో ఇండెక్స్ మళ్ళీ కడితే, పీడీఎఫ్‌లు భద్రంగా ఉంటాయి, వాటిలోని మాటలు మాత్రం ఇండెక్స్‌లోకి రావు.

వెర్షన్ మారినప్పుడు ఇంకో తలనొప్పి. 2005 డేటాబేస్‌ను ఆ తర్వాతి వెర్షన్‌లోకి తెచ్చేటప్పుడు మూడు దారులు ఇచ్చారు: ఉన్న ఇండెక్స్‌ను అలాగే దిగుమతి చేసుకోవడం, కొత్తగా కట్టడం, ఖాళీ చేసి వదిలేయడం. దిగుమతి వేగంగా అవుతుంది. కానీ లోపలి మాటలు పాత వర్డ్ బ్రేకర్ విడగొట్టినవి, వెతికే మాటను విడగొట్టేది కొత్త వర్డ్ బ్రేకర్. ఇద్దరూ ఒకలాగే విడగొట్టాలని ఎక్కడా లేదు. మూడో దారిలో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని నింపమని చెప్పేదాకా సెర్చ్ ఖాళీగానే ఉంటుంది. 2025 వెర్షన్‌లో పాత వర్డ్ బ్రేకర్లను తీసేసి కొత్తవి పెట్టారు కాబట్టి, పాత ఇండెక్స్‌లను మళ్ళీ కట్టే పని అక్కడా తప్పదు. పోస్ట్‌గ్రెస్ 18లోనూ ఇలాంటి హెచ్చరికే ఉంది: అక్షరాల నియమాలను ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి కాక ఐసీయూ లాంటి లైబ్రరీ నుంచి తీసుకునే డేటాబేస్‌ను ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేస్తే, ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌లను మళ్ళీ కట్టడం మంచిదని.

బిట్టు చెడకుండా ఇండెక్స్‌ను మోసుకొచ్చినా, చదివే కళ్ళు మారితే అది పాతబడినట్టే.

## పేజీ నంబర్లు మారిన పుస్తకం

ఒక పుస్తకం రెండో ముద్రణలో అక్షరాల సైజు తగ్గించి, పదసూచికను మాత్రం మొదటి ముద్రణ నుంచే అతికించారనుకోండి. సూచికలో మాటలన్నీ ఉంటాయి, పేజీలు మాత్రం కలవవు. ఫోన్ యాప్‌లలో విరివిగా వాడే ఎస్‌క్యూలైట్‌లో సరిగ్గా ఇది జరగొచ్చు.

ఎస్‌క్యూలైట్‌లో ఫుల్‌టెక్స్ట్ సెర్చ్ పేరు ఎఫ్‌టీఎస్5. దాని ఇండెక్స్‌ను అసలు టేబుల్‌కి వరుస సంఖ్య ద్వారా ముడిపెట్టవచ్చు. ఆ టేబుల్‌కి పూర్ణాంక ప్రైమరీ కీ లేకపోతే ఆ సంఖ్యలకు గ్యారంటీ లేదు. 2వ చీటీని చెరిపేశారు. తర్వాత డంప్ తీసి కొత్త ఫైల్‌లో పోశారు. మిగిలిన మూడు చీటీలకు 1, 2, 3 అని కొత్త నంబర్లు పడతాయి. మొక్కజొన్న చీటీ 2 అవుతుంది, పత్తి చీటీ 3 అవుతుంది. ఇండెక్స్‌లో మాత్రం 'మొక్కజొన్న' 3లోనే ఉన్నట్టు రాసి ఉంది. మొక్కజొన్న కోసం వెతికితే పత్తి తెగులు చీటీ తెరుచుకుంటుంది. ఏమీ రాకపోతే జనం ఫిర్యాదు చేస్తారు. తప్పుడు చీటీ వస్తే కొన్నాళ్ళు అది తమ పొరపాటే అనుకుంటారు.

రీబిల్డ్ అని ఒక్క ఆదేశం ఇస్తే ఇది సర్దుకుంటుంది. అయితే స్థలం ఆదా కోసం అసలు టెక్స్ట్ దాచకుండా ఇండెక్స్ మాత్రమే ఉంచే పద్ధతి కూడా ఎస్‌క్యూలైట్‌లో ఉంది. అక్కడ రీబిల్డ్‌కు ముడిసరుకే ఉండదు. "ఇండెక్స్ ఎప్పుడైనా కట్టుకోవచ్చు" అన్న వాదన చెల్లని చోటు అది. అక్కడ ఇండెక్సే డేటా.

## సెర్చ్ వేరే ఇంట్లో ఉన్నప్పుడు

చాలా సైట్లలో డేటా ఒకచోట, సెర్చ్ ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి వేరే ఇంజిన్‌లో ఉంటుంది. నడుస్తున్న ఎలాస్టిక్‌సెర్చ్ డేటా ఫోల్డర్‌ను కాపీ చేసుకుంటే బ్యాకప్ అయినట్టు కాదు. దాని సొంత స్నాప్‌షాట్ పద్ధతే నమ్మదగినది. స్నాప్‌షాట్ కిందటిసారి తర్వాత మారిన భాగాలనే తీసుకుంటుంది కాబట్టి రోజుకు పలుమార్లు తీసినా భారం తక్కువ. ఒక మేజర్ వెర్షన్‌లో తీసినదాన్ని సాధారణంగా దాని తర్వాతి మేజర్ వెర్షన్ వరకే ఎక్కించగలం. సర్వర్ల కాన్ఫిగరేషన్ ఫోల్డర్‌లో ఉన్న పర్యాయపదాల ఫైల్ ఇందులోనూ రాదు. మక్కల లైను ఇక్కడా బయటే.

ఇక్కడ కొత్తగా వచ్చే సమస్య గడియారం. డేటాబేస్ బ్యాకప్ రాత్రి 1:00కి, సెర్చ్ స్నాప్‌షాట్ 1:20కి తీశారు. మధ్యలో 1:10కి ఒక చీటీ చేరింది, ఒకటి చెరిగింది. రెండూ రీస్టోర్ చేస్తే, చేరిన చీటీ సెర్చ్‌లో కనిపిస్తుంది గానీ నొక్కితే డేటాబేస్‌లో లేదు. చెరిగిన చీటీ డేటాబేస్‌లో మళ్ళీ ప్రత్యక్షమవుతుంది గానీ సెర్చ్‌లో లేదు. అందుకే చాలామంది డేటాబేస్‌నే మూలంగా పెట్టుకుని, స్నాప్‌షాట్‌ను తాత్కాలికంగా ఎక్కించి, మధ్యలోని తేడాను మళ్ళీ ఇండెక్స్ చేస్తారు.

## తీసుకోవాలా, వద్దా: లెక్క వేసి చూస్తే

ఊహించుకున్న అంకెలతోనే చూద్దాం. 2 కోట్ల పత్రాలు, ఇండెక్స్ 120 జీబీ. సెకనుకు 200 ఎంబీ వేగంతో కాపీ చేస్తే ఇండెక్స్ తిరిగి రావడానికి 10 నిమిషాలు. మళ్ళీ కట్టాలంటే, సెకనుకు 2,000 పత్రాల చొప్పున 10,000 సెకన్లు, అంటే దాదాపు 2 గంటల 47 నిమిషాలు. ఇంకోవైపు, రోజూ ఫుల్ బ్యాకప్ తీసి 30 రోజులవి దాచితే ఒక్క ఇండెక్స్‌కే 3,600 జీబీ. దాదాపు ఎప్పుడూ వాడని స్థలం అది.

వద్దనేవాళ్ళ బలం ఇక్కడుంది. పైగా కొత్తగా కట్టిన ఇండెక్స్ శుభ్రంగా ఉంటుంది. ఇన్నోడీబీలో వరుస చెరిపేసినా దాని మాటలు వెంటనే ఇండెక్స్‌లోంచి పోవు. 'ఇది చెరిగింది' అని విడిగా గుర్తు పెట్టుకుంటుంది, సర్దే ఆదేశం ఇచ్చేదాకా అవి లోపలే ఉంటాయి. ఫిజికల్ బ్యాకప్ ఆ చెత్తను కూడా మోస్తుంది, డంప్ మోయదు. తమ వివరాలు తొలగించమని అడిగే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఇచ్చాక, ఇది స్థలానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

తీసుకోవాలనేవాళ్ళ బలం ఆ 2 గంటల 47 నిమిషాల్లో ఉంది. అవి పాత పత్రికల ఆర్కైవ్‌కు ఎవరూ గమనించని గంటలు. పండగ ముందు రోజు దుకాణం సైట్‌కి, లేదా పేషెంట్ పాత రిపోర్టులు వెతికే ఆసుపత్రికి అవి వేరే గంటలు. పత్రాలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లైతే సెకనుకు 2,000 అన్నది కల. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇండెక్స్‌ను విడి ఫైల్‌గ్రూప్‌లో (విడిగా రీస్టోర్ చేయగల ఫైళ్ళ గుంపులో) పెట్టి మధ్యేమార్గం పట్టేవాళ్ళున్నారు: ముందు టేబుల్‌ను లేపి పని మొదలుపెట్టించి, ఇండెక్స్ ఫైల్‌గ్రూప్‌ను తర్వాత తెస్తారు. రెండూ వచ్చేదాకా సెర్చ్ మాత్రం పనిచేయదు.

నా మొగ్గు చెప్పమంటే, సెర్చ్ ఆగితే ఎంతసేపు ఓర్చుకోగలరో ముందు తేలాలి. అది తేలితే ఇండెక్స్ సంగతి దానంతట అదే తేలుతుంది. ఫైళ్ళూ సెట్టింగ్‌ల విషయంలో మాత్రం రెండో మాట లేదు. స్టాప్‌వర్డ్స్, పర్యాయపదాలు, కనీస పొడవు, వర్డ్ బ్రేకర్ వెర్షన్, ఐఫిల్టర్ల జాబితా, ఇవన్నీ కలిపినా కొన్ని కేబీలు, ఒక పేజీ నోట్. 120 జీబీ గురించి వాదించుకునే చోట ఆ కేబీలను ఎవరూ అడగరు.

## అంతా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

వరుసలు లెక్కపెడితే తెలియదని సోమవారమే తేలింది. ఇండెక్స్ నిర్మాణం దెబ్బతిందా లేదా చూసే సాధనాలున్నాయి. ఎస్‌క్యూలైట్‌లో ఎఫ్‌టీఎస్5కి సమగ్రత తనిఖీ ఆదేశం ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఫుల్‌టెక్స్ట్‌కు వాడే జిన్ రకం ఇండెక్స్‌లకు 18వ వెర్షన్‌లో తనిఖీ వచ్చింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇండెక్స్‌లోకి ఎన్ని పత్రాలు చేరాయో, లోపల ఏ మాటలున్నాయో నేరుగా చూడొచ్చు. కానీ 3 అక్షరాల నియమంతో కట్టిన ఇండెక్స్ నిర్మాణంలో ఏ లోపమూ ఉండదు. తనిఖీలన్నీ పాసవుతుంది.

అందుకే కొందరు పాత సర్వర్ ఆపేముందు పది పదిహేను మాటలు వెతికి, ఒక్కోదానికి ఎన్ని ఫలితాలొచ్చాయో రాసిపెట్టుకుంటారు. ఒకటి రెండక్షరాలది, ఒకటి విభక్తి తగిలినది, ఒకటి యాసలోది, ఒకటి పీడీఎఫ్ లోపల మాత్రమే ఉన్నది, ఒకటి ఎక్కడా దొరకకూడనిది.

సోమవారం నాటి ఆఫీసులో మధ్యాహ్నానికి కారణం దొరికింది. కనీస పొడవు 2 చేసి, సర్వర్ ఆపి లేపి, ఇండెక్స్ తీసేసి మళ్ళీ కట్టారు. సాయంత్రం ఆరింటికి 'ధర' అని కొడితే 41,306 ఫలితాలు వచ్చాయి. శుక్రవారం ఎన్ని వచ్చేవో ఎవరి దగ్గరా లేదు.